‘వారీ’ కథ: మన కచేరీల నుంచి ఇంగ్లీషుకు వెళ్లిన ఒక మాట

ప్రత్యేక సంచికకు ఏదైనా రాసి ఇవ్వమని సంపాదక మిత్రులు అడిగినప్పుడు, రాయడానికి నా దగ్గర ఏముంది, చిట్టా అడంగళ్లు తప్ప, అన్నాను. ‘అయితే వాటి గురించే రాయండి’ అన్నారు. ఆ మాట పట్టుకుని ఈ సాహసం చేస్తున్నాను. తప్పులుంటే పెద్దలు మన్నించగలరు.

దీనికి కారణం మొన్నటి మన సర్వసభ్య సమావేశంలో జరిగిన ఒక చిన్న తగవు. కార్యదర్శిగారు లేచి, ‘సభ్యత్వ జాబితాను మండలాల వారీగా తయారు చేస్తున్నాం’ అని ప్రకటించారు. నా పక్కన కూర్చున్న విశ్రాంత ఇంగ్లీషు మాస్టారుగారు నా చెవిలో, ‘ఏమండీ, ఈ వారీ ఎక్కడిది? వారు అనే తెలుగు మాట నుంచే వచ్చిందా?’ అని అడిగారు. ‘కాదండీ, అది పారశీకం. రైత్వారీలో ఉన్న వారీ ఇదే’ అన్నాను. ‘రైత్వారీ ఇంగ్లీషు మాట కదా! నా పెద్ద నిఘంటువులో ఉంది’ అన్నారాయన. ఇద్దరం గట్టిగానే మాట్లాడుకున్నాం. అధ్యక్షులవారు గంట కొట్టేదాకా వచ్చింది వ్యవహారం.

ఇంటికొచ్చి ఆలోచిస్తే మాస్టారుగారి మాటలోనూ నిజం ఉందనిపించింది. రైత్వారీ ఇంగ్లీషు మాటే. ఇంగ్లీషు నిఘంటువుల్లో ఉంది, పార్లమెంటు నివేదికల్లో ఉంది, చట్టాల పేర్లలో ఉంది. కాని దాని ముక్కలు ఇంగ్లండులో పుట్టినవి కావు. మొదటి ముక్క అరబ్బీ, రెండోది పారశీకం. వాటిని అతికించి వాడింది మన దక్కను కచేరీల గుమాస్తాలు. ఆ మాటకు ప్రపంచ ప్రసిద్ధి తెచ్చిన పరిపాలన జరిగిందీ మన అనంతపురం నుంచే. నలభై ఏళ్లు ఆ మాటతోనే అన్నం తిన్నవాణ్ణి గనుక దాని పుట్టుపూర్వోత్తరాలు నాలుగు మాటల్లో మనవి చేస్తాను.

మూడు ‘వారు’లు

ముందు ప్రత్యయం సంగతి చూద్దాం. మన భాషలో ఒకే పోలిక ఉన్న మూడు మాటలున్నాయి. ఒకటి అచ్చతెలుగు ‘వారు’. పెద్దలవారు, మామగారివారు, ఊరివారు అంటామే, అది. రెండోది సంస్కృతం నుంచి వచ్చిన ‘వారము’. సోమవారం, మంగళవారం అనేది. మూడోది మన కచేరీ ‘వారీ’. ఈ మూడో దానికి మొదటి రెండిటితో సంబంధం లేదు. ఇది పారశీకపు ‘వార్’ అనే ప్రత్యయం.

పారశీకంలో ఈ ‘వార్’కు ఒక అర్థం ‘కలవాడు’ అని. ఉమేద్ అంటే ఆశ. ఉమేద్‌వార్ అంటే ఆశ కలవాడు. పాత కచేరీల్లో ఉద్యోగం దొరుకుతుందన్న ఆశతో జీతం లేకుండా కాగితాలు రాసే కుర్రవాళ్లను ‘ఉమేదువారులు’ అనేవారు. మన సభ్యుల్లో కొందరి తాతలు ఆ దశ దాటే గుమాస్తాలయ్యారు.

రెండో అర్థం ‘ఒక్కొక్క దాని ప్రకారం’ అని. మనకు కావలసింది ఇదే. తారీఖువారీ అంటే తారీఖు తరువాత తారీఖు చొప్పున. తపశీలువారీ అంటే వివరం వివరంగా. మౌజే అంటే గ్రామం. మౌజేవారీ అంటే గ్రామం చొప్పున. ‘వార్’ చివర ‘ఈ’ చేరితే వారీ అయింది. ఆ ‘ఈ’ కూడా పారశీక ప్రత్యయమే. జమీందారు నుంచి జమీందారీ, నౌకరు నుంచి నౌకరీ అయినట్టే ఇదీను. అంటే మనం ఒకటే అనుకునే ‘వారీ’లో నిజానికి రెండు ప్రత్యయాలున్నాయన్నమాట.

ఈ మాటలు మనకు తిన్నగా పారశీకం నుంచి రాలేదు. విజయనగరం పోయిన తరువాత మన సీమను గోలకొండ, బిజాపూరు సుల్తానులు, మొగలాయీలు, నిజాములు, గుత్తిలో మురారిరావు, ఆ తరువాత హైదరాలీ, టిప్పు సుల్తాను వరుసగా ఏలారు. ఏలినవారు మారారు గాని లెక్కలు రాసే పద్ధతి అంతగా మారలేదు. మరాఠీ మోడీ లిపిలో రాసే గుమాస్తా పోయి కన్నడం రాసేవాడు వచ్చినా, అతను పోయి తెలుగు కరణం వచ్చినా, చిట్టా, జమాబంది, తపశీలు, షరా, వసూలు బాకీ మాత్రం అవే.

మంద, కాపరి, కాపు

ఇక మొదటి ముక్క, రైతు. ఇది అరబ్బీలో ‘రఇయ్యత్’. దాని ధాతువుకు అర్థం మేపడం. ‘రాయీ’ అంటే గొర్రెల కాపరి. రఇయ్యత్ అంటే అతను మేపే మంద. రాజు కాపరి, ప్రజలు మంద అనే భావన మీద ఆ మాటకు ‘ప్రజలు’ అనే అర్థం స్థిరపడింది. గొర్రెల మందలకు కొదవలేని మన జిల్లాలో ఈ పోలిక ఎవరికైనా ఇట్టే అర్థమవుతుంది.

ఈ మాట చాలా దేశాలు తిరిగింది. తుర్కీ సుల్తానుల రాజ్యంలో ముస్లిములు కాని ప్రజలను ‘రాయా’ అన్నారు. అదీ ఇంగ్లీషులో చేరింది. ఆఫ్రికా తూర్పు తీరాన స్వాహిలీ భాషలో ‘రాయియా’ అంటే పౌరుడు. మలయా, ఇండోనేషియాల్లో ‘రక్యత్’ అంటే ప్రజలు. మలేషియా పార్లమెంటులో దిగువ సభ పేరు ‘దేవాన్ రక్యత్’, అంటే ప్రజల సభ. మన రైతుకూ ఆ సభకూ ఇంత దగ్గరి చుట్టరికం ఉందని నాకూ చాలా కాలం తెలియదు.

భారతదేశంలో మాత్రం ఈ మాటకు అర్థం కుదించుకుపోయింది. ప్రజలంటే పన్ను కట్టేవాళ్లు, పన్ను కట్టేవాళ్లంటే భూమి దున్నేవాళ్లు. అందుచేత రయ్యత్ అంటే సేద్యం చేసేవాడు అనే స్థిరపడింది. తెలుగులో రైతు అయింది. ఇంగ్లీషువారు 17వ శతాబ్దంలోనే దీన్ని ‘రయట్’గా రాసుకున్నారు.

రైతు అనే మాట రాకముందు మనకు సేద్యం చేసేవాడికి పేరు లేదా? భేషుగ్గా ఉంది. ‘కాపు’ అన్నాం. అది ఇప్పుడు కులం పేరుగా వినిపిస్తుంది గాని, కాపు అంటే కాచేవాడు, కావలి అని కూడా అర్థం. వింత ఏమిటంటే, అరబ్బీ మాటలో సేద్యగాడు కాపలాలో ఉన్న మంద. తెలుగు మాటలో అతనే కాపరి. మన నోట కాపు తగ్గి రైతు నిలిచింది. 1939లో గూడవల్లి రామబ్రహ్మంగారు తీసిన సినిమా ‘రైతుబిడ్డ’. 1999లో ప్రభుత్వం పెట్టినవి రైతుబజార్లు. పరాయి మాట అని ఇవాళ ఎవరికీ తోచదు.

ఇక్కడ మరో మాట చెప్పాలి. కచేరీలో రైతుకు ఇంకో పేరుండేది, ‘ఆసామి’. ఇదీ అరబ్బీయే. ‘ఇస్మ్’ అంటే పేరు, దాని బహువచనం నుంచి ఆసామి. అంటే జాబితాలో రాసిన ‘పేర్లు’ అని అసలు అర్థం. లెక్కలో పేరు ఉన్నవాడే ఆసామి అయ్యాడు. పేరు లేనివాడి సంగతేమిటి అన్న ప్రశ్నకు చివర మళ్లీ వస్తాను.

అనంతపురంలో మన్రో దొర

1800 సంవత్సరం అక్టోబరులో జరిగిన ఒడంబడిక ప్రకారం నిజాం నవాబు బళ్లారి, కడప సీమలను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చివేశాడు. అవే దత్తమండలాలు. వాటికి మొదటి ప్రిన్సిపల్ కలెక్టరు థామస్ మన్రో. ఆయన కింద నలుగురు సబ్ కలెక్టర్లు. మన్రో తన ముఖ్య కచేరీని అనంతపురంలో పెట్టాడు. 1807 దాకా ఇక్కడి పెద్ద దొర ఆయనే.

ఆయన వచ్చేనాటికి సీమలో 80 మంది పాలెగాళ్లున్నారు. ముందు వారిని అణచడం, తరువాత శిస్తు కుదర్చడం ఆయన చేసిన పని. శిస్తు కుదర్చడంలో అప్పటికి రెండు దారులున్నాయి. బెంగాలులో కారన్‌వాలిస్ 1793లో జమీందార్లతో శాశ్వత పైసలా చేశాడు. 1802లో మద్రాసు ప్రభుత్వం ఉత్తర సర్కారులలో అదే మొదలుపెట్టింది. మన్రో నేర్చుకున్న దారి వేరు. 1792 నుంచి ఆయన సేలం ప్రాంతపు బారామహల్‌లో అలెగ్జాండర్ రీడ్ చేతికింద పనిచేశాడు. అక్కడ నడుమ పెద్దమనిషి లేకుండా సేద్యం చేసే ఒక్కొక్కడితో సర్కారు నేరుగా లెక్క చూసుకునే పద్ధతి చూశాడు. దానికి అప్పుడు ఎక్కువగా వినిపించిన పేరు ‘కుల్‌వార్’. ఈ కుల్ మన కులం కాదు. సేద్యం చేసే ఆసామికి దక్కను లెక్కల్లో ఉన్న పేరు. కుల్‌వార్ అన్నా రైత్‌వార్ అన్నా ఒకటే. మన్రో ఉత్తరాల్లో రెండూ కనిపిస్తాయి. చివరికి రెండోది నిలిచింది.

ఇక్కడ మన్రోకు రావలసిన పేరు మన్రోకు ఇస్తూనే ఒక మాట అనక తప్పదు. రైతు రైతుతో లెక్క చూడటం ఆయన కనిపెట్టింది కాదు. చిట్టాలు అంతకు ముందూ ఉన్నాయి. ఆయన చేసింది దాన్ని సీమ అంతటా ఒకే కొలతతో నడిపించడం. 1802 జూన్‌లో నలుగురు గుమాస్తాలతో పైమాషీ మొదలైందట. క్రమంగా ఆ సంఖ్య వందకు పెరిగింది. అందరికీ ఒకే కొలత, 33 అడుగుల గొలుసు. ఆ గొలుసు చతురస్రాలు 40 అయితే ఒక ఎకరం. 33ను 33తో గుణిస్తే 1,089 చదరపు అడుగులు, అంటే 121 చదరపు గజాలు. సర్వే శాఖ మిత్రులు ఈపాటికి నవ్వుకుంటూ ఉంటారు. మనం గుంట అనేది అదే కదా!

కొలిచినవారి వెనక తరగతులు కట్టేవారు వచ్చి, నేల మంచిచెడ్డలు చూసి, ఊళ్లో రెడ్డిని, కరణాన్ని, రైతులను కూర్చోబెట్టి ఏ చేనుకు ఎంత శిస్తో నిర్ణయించారు. ఒక్కొక్క రైతు పేరిటా పట్టా. అందులో అతని చేలు, వాటి శిస్తు. ఏటా జమాబందిలో ఎవరు ఏ చేను వదిలారు, ఎవరు ఏది పట్టుకున్నారు అని చూసి లెక్క సరిచేయడం. మన తరందాకా జూలై 1న ఫసలీ మారగానే మనం తిప్పిన కాగితాలకు మూలం అదే.

మాట ఓడ ఎక్కింది

మన్రో, ఆయన తోటి దొరలు తమ నివేదికలు ఇంగ్లీషులోనే రాశారు. కాని ఈ పద్ధతికి ఇంగ్లీషులో సరైన మాట దొరకలేదు. అందుకని కచేరీలో వినిపించిన మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో దించుకున్నారు. 1812లో ఇంగ్లండు కామన్సు సభకు కంపెనీ వ్యవహారాల మీద ఐదో నివేదిక అందింది. అందులో దత్తమండలాల నుంచి వెళ్లిన కాగితాలున్నాయి. ఆ నివేదికలోని దేశీ పదాలు అక్కడి సభ్యులకు అర్థం కావాలి గదా. వాటికి అర్థాల పట్టిక తయారుచేసినవాడు చార్లెస్ విల్కిన్స్. 1785లో భగవద్గీతను మొదటిసారి ఇంగ్లీషులోకి అనువదించిన పండితుడే ఆయన. గీత తరువాత ఆయన మన చిట్టా పదాలకూ అర్థాలు చెప్పవలసి వచ్చింది!

అప్పటినుంచి ఆ మాటకు ఇంగ్లీషులో ఎన్ని వేషాలో. రయట్‌వార్ అన్నారు, రయట్‌వారీ అన్నారు, రయ్యత్‌వారీ అన్నారు. 1852లో సి.పి. బ్రౌన్ దొర మన కచేరీ పదాలకు జిల్లా నిఘంటువు అని వేరే పుస్తకమే వేశాడు. 1855లో హెచ్.హెచ్. విల్సన్ న్యాయ, రెవెన్యూ పదాల కోశం వెలువడింది. 1886లో వచ్చిన ‘హాబ్సన్ జాబ్సన్’ అనే ప్రసిద్ధ నిఘంటువు ఈ మాటను ఈ మధ్య కల్పించిన సాంకేతిక పదంగా లెక్కగట్టింది. ఆ నిఘంటువు రాసిన ఇద్దరిలో బర్నెల్ తంజావూరులో జడ్జిగా చేసినవాడు గనుక మద్రాసు రాష్ట్రపు వ్యవహారం ఎరిగినవాడే.

వాయవ్య రాష్ట్రాల్లో 1822లో ఊళ్ల సముదాయంతో శిస్తు కుదిర్చినప్పుడు దానికి ‘మహల్వారీ’ అని పేరు వచ్చింది. మళ్లీ అదే ప్రత్యయం. జమీందారీ, రైత్వారీ, మహల్వారీ అని మన పిల్లలు పరీక్షలకు బట్టీపట్టే మూడు మాటలూ ఇవే. వీటిలో చూడదగ్గ తేడా ఒకటుంది. జమీందారులోని ‘దారు’ అంటే పట్టుకున్నవాడు. జమీన్ పట్టుకున్నవాడు జమీందారు. తహసీలు అంటే వసూలు, అది చేతిలో ఉన్నవాడు తహసీల్దారు. ‘దారు’ ఒకరిని చూపిస్తుంది. ‘వారీ’ అందరినీ ఒక్కొక్కరుగా చూపిస్తుంది. రెండు ప్రత్యయాలు, రెండు రాజ్య పద్ధతులు.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాతయినా ఈ మాట పోయిందా అంటే, పోలేదు. మరింత బలపడింది. జమీందారీలను తీసివేసిన 1948 మద్రాసు చట్టం పేరే ఎస్టేట్ల రద్దు, రైత్వారీగా మార్పు చట్టం. 1956లో ఆంధ్ర ఇనాముల రద్దు చట్టం పేరులోనూ ‘రైత్వారీగా మార్పు’ ఉంది. శ్రీకాకుళం జమీందారీ రైతుకు 1948 చట్టం ఇస్తానన్నది మన సీమ రైతుకు నూటయాభై ఏళ్ల కిందటే అందిన పట్టా. ఆ రోజుల్లో సెటిల్‌మెంటు శాఖలో పనిచేసిన పెద్దలకు ‘రైత్వారీ పట్టా’ అన్న మాట విలువ ఎంతో నేను చెప్పనక్కరలేదు.

కరువులో ‘వారీ’

ఇంతవరకు మాట గొప్ప చెప్పాను. దాని రెండో వైపు కూడా చెప్పకపోతే కరువు సీమలో పుట్టి ఫలమేముంది?

రైతు రైతుకూ వేరే పట్టా అంటే ఎవరి భూమి వారిది, నిజమే. ఎవరి బాకీ వారిదే అని కూడా. వాన కురిసిన ఏట ఇది మంచి ఏర్పాటే. మన జిల్లాలో సాలీనా సగటు వర్షం సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ సగటు మాటే గాని, అదనుకు పడుతుందని నమ్మకం లేదు. చినుకు లేని ఏట పట్టా చేతిలో ఉన్నవాడు సర్కారు ముందు ఒంటరిగా నిలబడాలి. మన్రో పద్ధతిలో ఇంకో మెలిక కూడా ఉండేది. ఒక రైతు శిస్తు కట్టలేకపోతే ఆ లోటు పూడ్చడానికి మిగిలిన రైతుల మీద నూటికి పదికి మించకుండా అదనంగా వేయవచ్చు. లాభం ఒక్కొక్కరిదీ, నష్టం ఊరందరిదీ అన్నమాట.

శిస్తు బరువు ఎక్కువైందని మన్రోకే తెలుసు. 1807 ఆగస్టు 15న రాసిన నివేదికలో ఆయన పైమాషీ ప్రకారం కట్టిన శిస్తును నూటికి 25 వంతులు తగ్గించాలనీ, బావుల కింద, ఏతాల కింద సాగయ్యే భూములకు మరో 8 వంతులు తగ్గించాలనీ సిఫారసు చేశాడు. పంటలో సుమారు 45 వంతులుగా ఉన్నది మూడో వంతుకు దిగాలని ఆయన లెక్క. మద్రాసులో పైవారు అంగీకరించలేదు. ఖజానాకు డబ్బు కావాలి. మన్రో ఇంగ్లండు వెళ్లిపోయాడు. దత్తమండలాలు బళ్లారి, కడప కలెక్టరేట్లుగా విడిపోయాయి. రైత్వారీ తీసేసి ఊళ్లను గుత్తకిచ్చే మౌజేవారీ పెట్టారు, మొదట మూడేళ్లకు, తరువాత పదేళ్లకు. ప్రత్యయం అదే, ముందు మాట మారింది. ఒక్కొక్క రైతు పోయి ఒక్కొక్క ఊరు వచ్చింది. గుత్తదార్లలో చాలామంది దివాళా తీశారు. 1820లో మన్రో మద్రాసు గవర్నరుగా తిరిగి వచ్చాక రైత్వారీ మళ్లీ నిలదొక్కుకుంది.

1827లో పదవి విడిచే ముందు ఆయన తన పాత సీమను చూడటానికి బయలుదేరి, జూలై 6న పత్తికొండలో కలరాతో కన్నుమూశాడు. గుత్తిలో పాతిపెట్టి, 1831లో అస్థికలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తీసుకుపోయారు. సీమలో పిల్లలకు మన్రోలప్ప, మన్రోలయ్య అని పేర్లు పెట్టుకున్నారని మన పెద్దలు చెప్పేవారు. అంత అభిమానం ఉన్నదీ నిజమే. 1876-78 మహా కరువులో ఇదే బళ్లారి, అనంతపురం సీమలో పట్టాలున్న రైతులు కూడా రాళ్లు కొట్టే పనులకు బారులు తీరిందీ నిజమే. పట్టా ఆకలికి అడ్డం రాలేదు.

కిటికీ దగ్గర ఒక ముసలాయన

ఇక నా సంగతి. 1984లో కరణం, మునసబు పదవులు రద్దయ్యాయి. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. ఊరి లెక్కలు కట్టలు కట్టలుగా కచేరీలకు చేరిన రోజులవి. వాటిలో కొన్ని చెదలకూ చేరాయి. ఆ కొత్తలో ఒక కరువు ఏడాది. శెనక్కాయ పంట ఎండిపోయింది. సహాయానికి జాబితా పంపమని పైనుంచి తాఖీదు. పట్టాదారుల వారీగా, సర్వే నంబర్ల వారీగా మూడు రోజుల్లో పంపాలి. రాత్రి పెట్రోమాక్సు లైటు పెట్టుకుని రాశాం. అప్పటికి నేను చిన్న గుమాస్తాను.

జాబితా పంపిన మర్నాడు ఒక పెద్దాయన కిటికీ దగ్గరికి వచ్చాడు. తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని, తన పేరు ఉందా అని అడిగాడు. వెతికాను. లేదు. ఊరు అడిగాను, చేను అడిగాను. ఐదెకరాలు గుత్తకు చేస్తున్నాడు. పట్టా పట్నంలో ఉన్న ఆసామిది.

‘పెద్దాయనా, ఇది పట్టాదారుల వారీగా రాసింది. నీకు పట్టా లేదు కదప్పా’ అన్నాను.

ఆయన కాసేపు నిలబడి అన్నాడు: ‘ఊర్ల వారీగా రాసుకుంటిరి సామీ. నెంబర్ల వారీగా రాసుకుంటిరి. మనుసుల వారీగా రాయరా?’

నాకు జవాబు తోచలేదు. ‘రూలు అది’ అన్నాను. ఆయన వెళ్లిపోయాడు.

నిజం చెప్పాలంటే రూలు అదొక్కటే కాదు. అడంగల్‌లో పట్టాదారు పేరు పక్కన అనుభవదారు పేరుకు వేరే కాలం ఉంటుంది. సాగు ఎవరు చేస్తే వారి పేరు అందులో ఉండాలి. ఆ ఊరి అడంగల్‌లో ఆ కాలం నిండా ‘స్వంతం’ అని ఒకే మాట గీత గీసి దింపి ఉంది. అది అబద్ధమని నాకు తెలుసు. మూడు రోజుల గడువులో దాన్ని కదిలించే ఓపిక నాకు లేకపోయింది. కనీసం షరా కాలంలో ‘ఈ గ్రామంలో గుత్త సాగు ఉంది, విచారించవలెను’ అని ఒక్క ముక్క రాసి ఉంటే పైవారి కంట పడేదేమో. రాయలేదు. మరుసటి ఏడు ఆ ఊరు వెళ్లినప్పుడు అడిగితే, పెద్దాయన కుటుంబంతో బెంగుళూరికి కూలికి పోయినాడని చెప్పారు. ఆ సహాయం అందినా పోయేవాడేమో, నాకు తెలియదు. తప్పు ఏ కచేరీ మీదా నెట్టడం లేదు. కలం నా చేతిలోనే ఉంది.

ఆ తరువాత కాలంలో ప్రభుత్వం ఈ లోపాన్ని గుర్తించింది. 2011లో సాగుదార్ల చట్టం వచ్చి కౌలు రైతులకు రుణ అర్హత కార్డులు ఇచ్చారు. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. 2020 డిసెంబరులో రాష్ట్రమంతటా భూముల రీసర్వే మొదలైంది. మన్రో గొలుసు బదులు డ్రోన్లు, ఉపగ్రహాలు వచ్చాయి. 2022లో మన జిల్లా కూడా రెండయింది. కొలత ఎంత సూక్ష్మంగా మారినా, చేను పేరుకూ సేద్యం చేసే చేతికీ మధ్య ఉన్న దూరాన్ని గొలుసు గాని ఉపగ్రహం గాని కొలవదు. అది ఊరికి వెళ్లి అడిగి రాయవలసినదే.

చివరగా ఇంగ్లీషు మాస్టారుగారికి

మా మాస్టారుగారు ఊరుకోలేదు. మళ్లీ కలిసినప్పుడు, ‘మరి మీ ఆఫీసుల్లో మండల్‌వైజ్, విలేజ్‌వైజ్ అంటారే, అది మాత్రం ఇంగ్లీషే కదా’ అన్నారు. అవును, ‘వైజ్’ పాత ఇంగ్లీషు మాటే. ‘రీతి, విధం’ అని దాని అర్థం. క్లాక్‌వైజ్ అంటే గడియారం తిరిగే రీతిలో. కాని ‘మండల్‌వైజ్ స్టేట్‌మెంట్’ అన్నప్పుడు మనం ఆ మాట చేత చేయిస్తున్న పని ‘వారీ’ పనే. ఒక కాలంలో ఇంగ్లీషువారు తమ మాట చాలక మన వారీని తీసుకున్నారు. ఇంకో కాలంలో మనం వారి వైజ్‌ను తెచ్చి మన వారీ కుర్చీలో కూర్చోబెట్టాం. లెక్క సరిపోయిందని ఇద్దరం నవ్వుకున్నాం. ఆ రోజు కాఫీ ఆయనే ఇప్పించారు.

సభ్యులకు చివరి మనవి. మన కార్యదర్శిగారు మండలాల వారీగా జాబితా తయారు చేస్తున్నారు. ఊళ్లలో ఉండిపోయిన సభ్యులు, కుటుంబ పింఛను తీసుకునే మన సోదరీమణులు, పిల్లల దగ్గరికి పరాయి ఊళ్లు చేరినవారు ఇలాంటి జాబితాల్లో సులభంగా తప్పిపోతారు. మీకు తెలిసినవారి పేరు లేకపోతే కార్డు ముక్క మీద రాసి పంపండి. షరా కాలం ఖాళీగా వదలవద్దు. అలాగే మీ ఇళ్లలో పాత చిట్టాలు, జమాబంది కాగితాలు, పెద్దల నోట విన్న కచేరీ మాటలు ఉంటే వాటినీ రాసి పెట్టండి. ఆ మాటలు తెలిసినవాళ్లం ఏటికేడు తగ్గిపోతున్నాం.

సెలవు.